షెడ్డులో ఉన్న 1948 ఎం.జి. టి.సి.: రేసు గుర్తులు ఉంచాలా, కొత్తగా చేయించాలా?

కొబ్బరితోట (అంబాజీపేట)

అందరికీ నమస్కారమండి. చాన్నాళ్ళుగా ఇక్కడ చదవడమే గానీ రాయడం తక్కువ. ఇప్పుడు పెద్ద పని మీద పడింది, మీ అందరి సలహా కావాలి.

అంబాజీపేట పక్కనే మా అమ్మమ్మగారి ఊరు. అక్కడ ధాన్యం షెడ్డులో ఒక ఎం.జి. టి.సి. అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఉంది. పాత ఆర్‌సీ పుస్తకంలో 1948 అని ఉంది. మా చినతాతగారు మద్రాసులో చదువుకున్నాక కొన్నారట, 1950ల్లో షోలవరం ఎయిర్‌స్ట్రిప్ మీద రేసుల్లో నడిపారని ఇంట్లో అందరూ చెప్తారు. ఆయన పోయాక బండి షెడ్డులోకి వెళ్ళింది, 1986 గోదావరి వరదల్లో సగం వరకు మునిగింది, ఆ తర్వాత దాని మీద బస్తాలు పడ్డాయి. మావయ్యలు ఇప్పుడు బండి నాకు అప్పగించారు.

ఉన్నది ఉన్నట్టు చెప్తాను. ఇంజను బిగుసుకుపోయింది. బాడీ కింద చెక్క ఫ్రేము కొంత చెద తినేసింది, తలుపు పట్టుకుంటే స్తంభం మొత్తం కదులుతోంది. బానెట్ మీద అడ్డంగా తోలు బెల్టు. ముందు పెద్ద అద్దం లేదు, దాని బదులు చెయ్యంత చిన్న అద్దాలు రెండు ఉన్నాయి. డాష్‌బోర్డులో ఏదో గేజీ కోసం చేత్తో కోసిన కన్నం ఉంది, అంచులు ఆకురాయితో రుద్దినట్టున్నాయి. ఎడమ తలుపు మీద పై పెయింటు పెచ్చులూడిన చోట లోపల తెల్లటి గుండ్రం అంచు కనపడుతోంది.

రాజమండ్రిలో ఒక టింకరింగ్ మేస్త్రిగారు చూసి, మొత్తం ఊడదీసి, కన్నాలన్నీ మూసి, ఎర్ర పెయింటు వేసి సంక్రాంతికి షోరూము బండిలా ఇస్తానన్నారు. మా ఇంట్లో అందరికీ అదే ఇష్టం. నాకే మనసొప్పడం లేదు.

హైవే_మీద (రావులపాలెం)

బ్రదర్, మన కోనసీమలో టి.సి. ఉందంటేనే ఒళ్ళు పులకరించింది. నా మాట వినండి, ఎరుపు వేయించండి. వైర్ వీల్స్‌కి క్రోమ్, లోపల బిస్కెట్ రంగు లెదర్. సంక్రాంతికి ఊళ్ళోకి వస్తే జనం ఆగిపోవాలి.

పాతబళ్ళు (కాకినాడ)

కొబ్బరితోట గారూ, ఆ మేస్త్రిగారికి ఇప్పుడే ఏమీ చెప్పకండి. అడ్వాన్సు కూడా ఇవ్వకండి. ముందు బండిని ఉన్నచోటే ఉంచి ప్రతి మూలా ఫోటో తియ్యండి, పక్కన స్కేలు పెట్టి. ఇంజను బిగుసుకుపోయింది అన్నారు కాబట్టి సెల్ఫ్ కొట్టొద్దు, గేరులో వేసి తొయ్యొద్దు.

ఈ బండి ఏంటో కొంచెం చెప్తాను, కొత్తగా చదివేవాళ్ళకి కూడా పనికొస్తుంది. ఎం.జి. కంపెనీ స్వయంగా రేసుల్లో వెలిగింది 1930ల్లో. 1933లో కె3 మోడల్ ఇటలీలో మిల్లె మిల్యా రేసులో 1100 సీసీ క్లాసు గెలిచింది, అదే ఏడాది ఇటలీ రేసరు నువోలారి ఆ కె3 మీదే అల్‌స్టర్‌లో టూరిస్ట్ ట్రోఫీ కొట్టాడు. 1935లో కంపెనీ రేసు విభాగాన్ని మూసేశారు. టి.సి. వచ్చింది యుద్ధం అయిపోయాక, 1945 నుంచి 1949 వరకు, ఇంచుమించు 10,000 బళ్ళు. 1250 సీసీ ఇంజను, రెండు ఎస్‌.యు. కార్బురేటర్లు, 54 హార్స్‌పవర్. దీన్ని రేసుకని ఫ్యాక్టరీ తయారుచెయ్యలేదు. కొనుక్కున్న కుర్రాళ్ళే రేసుబండి చేశారు. శనివారం దాకా ఆఫీసుకి తిరిగిన బండినే ఆదివారం అద్దం మడిచి ట్రాక్ మీదకి దింపి, సాయంత్రం దాంట్లోనే ఇంటికొచ్చేవాళ్ళు. తర్వాత 1961లో ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్ అయిన ఫిల్ హిల్, 1959లో లె మాన్ 24 గంటల రేసు గెలిచిన కారొల్ షెల్బీ, ఇద్దరూ తొలి రోజుల్లో రేసులాడింది టి.సి.ల మీదే.

అందుకే అంటున్నాను, టి.సి. రేసు చరిత్ర అంటే సొంతదారు చేత్తో చేసుకున్న మార్పులే. మీరు మూయించబోతున్న ఆ డాష్‌బోర్డు కన్నం మీ చినతాతగారి సంతకం. ఎర్ర పెయింటు ఎప్పుడైనా వేయించుకోవచ్చు, ఆ కన్నం ఒకసారి మూస్తే మళ్ళీ రాదు.

లేత్‌షెడ్డు (తణుకు)

పైన చెప్పింది నిజమేగానీ చిన్న అద్దాలు, తోలు బెల్టు చూసి రేసు బండి అనుకోవడం కుదరదండి. అవి షోకుకి కూడా పెట్టించుకునేవారు. అసలు సంగతి ఇంజను చెప్తుంది.

ఒక పని చెయ్యండి. ప్లగ్గులు నాలుగూ తీసి, సిలిండర్లలో ఆటోమేటిక్ గేరుబాక్సు ఆయిలు (ఎ.టి.ఎఫ్.), అసిటోను సగం సగం కలిపి పోసి నాననివ్వండి, రోజూ కొంచెం కొంచెం పొయ్యండి. అది నానేలోపు హెడ్ (సిలిండర్ల పై మూత) తీసి మందం కొలవండి. టి.సి. హెడ్ కొత్తలో 76.75 మి.మీ. ఉంటుంది. రేసుకి కంప్రెషన్ (సిలిండర్లో పెట్రోలు-గాలి ఎన్ని రెట్లు నొక్కుకుంటుందో అది) పెంచాలంటే హెడ్ కింద ముఖం చెక్కించడమే అప్పట్లో మొదటి పని. వెర్నియర్‌తో నాలుగు మూలలా కొలిచి రాయండి, టేపుతో కాదు.

హెడ్ నట్లు తీసేటప్పుడు సుత్తి వాడొద్దు. రాకపోతే వేడి చేసి, నూనె వేసి, మర్నాడు మళ్ళీ చూడండి.

కొబ్బరితోట (అంబాజీపేట)

హెడ్ వచ్చిందండి. మా ఊరి మోటారు మెకానిక్ బాబాయ్ వచ్చి సాయం చేశాడు, ఆయనకి ఆయిలింజన్లు కొట్టినపిండి.

రేడియేటరు వైపు 74.4, వెనక వైపు కూడా 74.4. మధ్యలో రెండు చోట్ల కొలిచినా అంతే. కింద ముఖం మీద మసి కిరోసినుతో కడిగితే సన్నటి మిషను గీతలు ఒకే దిక్కుగా కనపడ్డాయి. ఇంకోటి, ఇన్‌లెట్ దారుల్లో వేలు పెడితే నున్నగా ఉంది. వేరే పాత ఇంజన్లలో ఆ చోట ఇసుక అచ్చు గరుకు తగులుతుందని బాబాయ్ అన్నాడు.

లేత్‌షెడ్డు (తణుకు)

అదీ సంగతి! చాలా సంతోషంగా ఉందండి, నిజంగా.

76.75లోంచి 74.4 తీస్తే సుమారు 2.4 మి.మీ., అంటే అంగుళంలో 32వ వంతులు మూడు. ఎం.జి. ఫ్యాక్టరీ వాళ్ళే ఈ ఇంజనుకి ట్యూనింగ్ పుస్తకం వేశారు, దాంట్లో మొదటి మెట్టు సరిగ్గా ఇదే. కంప్రెషన్ 7.25 నుంచి 8.6 అవుతుంది. నాలుగు మూలలా ఒకేలా ఉంది కాబట్టి వంకర తీయడానికి చెక్కింది కాదు, లెక్కపెట్టి చేసిన పని. దారులు నున్నగా పాలిష్ చెయ్యడం కూడా ఆ పుస్తకంలోదే. మీ చినతాతగారు గానీ ఆయన మెకానిక్కు గానీ ఆ పుస్తకం ముందు పెట్టుకుని చేశారన్నమాట.

ఆ హెడ్ దయచేసి పారెయ్యకండి, ఇంకా చెక్కించకండి. పగుళ్ళు ఉన్నాయేమో రంగు పూసి చూసే డై టెస్టు చేయించండి, ముఖ్యంగా వాల్వు సీట్ల మధ్య. బాగుంటే అదే వాడదాం.

ఇంకో జాగ్రత్త. ఈ ఇంజను బోల్టుల తలలకి విట్‌వర్త్ (పాత ఇంగ్లీషు కొలత) పానాలు పడతాయి, మరలు మాత్రం మెట్రిక్. అది కూడా 8 మి.మీ. బోల్టుకి పిచ్ (మర గాడికీ గాడికీ మధ్య దూరం) 1 మి.మీ. మన షాపుల్లో దొరికే 8 మి.మీ. బోల్టు పిచ్ 1.25. రెండు చుట్లు తిరిగి బిగుసుకుంటుంది, ఇంకొంచెం బలం పెడితే బ్లాకులో మర పోతుంది. ఈ ఇంజను చేసిన మోరిస్ వాళ్ళ కోవెంట్రీ ఇంజన్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఫ్రాన్సుకి చెందిన హాచ్‌కిస్ కంపెనీది, ఆ మెట్రిక్ పద్ధతి అక్కడి నుంచి వచ్చింది. పాత బోల్టు ఒక్కటి కూడా పారెయ్యకుండా, ఏది ఎక్కడిదో రాసి డబ్బాల్లో వెయ్యండి. విరిగినవి ఉంటే నాకు పంపండి, కోసి ఇస్తాను.

షోలవరం_చూసినవాడు (చెన్నై, సొంతూరు భీమవరం)

బాబూ, ఈ చర్చ చదివి ఉండబట్టలేక రాస్తున్నాను. నేను చిన్నప్పుడు మా నాన్నగారితో షోలవరం రేసులకి వెళ్ళేవాణ్ణి. రెండో ప్రపంచయుద్ధం నాటి రన్‌వే అది, రెడ్ హిల్స్ దాటాక, కలకత్తా రోడ్డు మీద. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1953లో పెట్టారు, 1990లో ఇరుంగట్టుకోట్టై ట్రాక్ వచ్చేదాకా ఈ ప్రాంతంలో రేసులంటే షోలవరమే. నీడ ఉండేది కాదు, ఎండకి కాంక్రీటు మీద గాలి వణికేది, కాలిన ఆముదం వాసన ముక్కుకి కొట్టేది. అప్పట్లో రేసు ఆయిలులో ఆముదం ఉండేది కదా.

మీ చినతాతగారు కోనసీమ నుంచి అక్కడికి బండి తీసుకెళ్ళారంటే అదే ఒక రేసు.  అప్పట్లో గోదావరి పాయ దాటాలంటే బండిని పంటు (బల్లకట్టు) మీదకి ఎక్కించాలి. రెండు పలకల మీద చక్రాలు సరిగ్గా నిలబెట్టి, కింద రాళ్ళు అడ్డం పెట్టి, అవతలి ఒడ్డున మళ్ళీ దింపి, ఆ తర్వాత గతుకుల రోడ్డు మీద మద్రాసు దాకా. అక్కడ రేసాడి అదే దారిన వెనక్కి.

కానీ ఒక మాట చెప్తాను, ఏమనుకోకు. ఇంట్లో చెప్పుకునేది ఒకటి, కాగితం మీద నిలబడేది ఇంకొకటి. ఎంట్రీ ఫారం, ప్రోగ్రాం పుస్తకం, వెనక తేదీ ఉన్న ఫోటో, పాత ఇంగ్లీషు పత్రికలో రెండు లైన్లు, వీటిలో ఏదో ఒకటి దొరికేదాకా 'గెలిచారు' అని ఎక్కడా రాయొద్దు. 'నడిపారని కుటుంబం చెబుతుంది, ఇంజనులో దానికి ఆధారం ఉంది' అని రాయి. అమ్మమ్మగారి ట్రంకు పెట్టెలు, ఆల్బములు వెతుకు. ఫోటోలో తలుపు మీద నంబరు కనపడితే, నువ్వు చెప్పిన తెల్ల గుండ్రంతో సరిపోల్చవచ్చు.

కొబ్బరితోట (అంబాజీపేట)

ఆయ్, గురువుగారూ, తప్పకుండా. అమ్మమ్మ పెట్టె తాళంచెవి మా పెద్దత్తయ్య దగ్గరుంది. ఆదివారం వెళ్తాను.

హైవే_మీద (రావులపాలెం)

అందరూ పెద్దవాళ్ళు చెప్తున్నారు గానీ నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదండి, ఉన్నమాట చెప్తున్నాను. చినతాతగారు ఈ బండిని రేసుకి తీసుకెళ్ళినప్పుడు ఇలా తుప్పు పట్టి లేదు కదా. ఆయన రోజూ తుడిచి మెరిపించి ఉంటారు. ఈ స్థితిలో అలాగే ఉంచితే ఆయన్ని గౌరవించినట్టా? తుప్పు కూడా చరిత్రేనా?

పాతబళ్ళు (కాకినాడ)

మంచి ప్రశ్న అడిగావు తమ్ముడూ. దీని మీదే చాలామంది తగువులాడుకుంటారు.

తుప్పు ఆయన పెట్టింది కాదు. వరద పెట్టింది, షెడ్డు పెట్టింది. చెదలు కూడా అంతే. వాటిని తియ్యాలి, మొహమాటం లేకుండా. కానీ హెడ్ చెక్కింది ఆయన, డాష్‌బోర్డు కోసింది ఆయన, తలుపు మీద నంబరు వేయించింది ఆయన. అవి ఆయన తెలిసి చేసినవి. బండి మీద ఉన్న ప్రతి మచ్చనీ పట్టుకుని ఇది ఎవరు చేశారు అని అడిగితే, ఏది ఉంచాలో ఏది తియ్యాలో చాలావరకు తేలిపోతుంది. తేలనివి ఉంటాయి, అవి అలాగే వదిలెయ్యండి, తర్వాత చూసుకోవచ్చు.

పెయింటు సంగతి. గోకడం, పెయింటు రిమూవరు పొయ్యడం రెండూ వద్దు. తలుపు మీద గుండ్రం అంచు దగ్గర అరచేయంత చోటు తీసుకుని, సన్న నీటి కాగితం, 1500 నంబరు, సబ్బు నీళ్ళతో చాలా తేలిగ్గా రుద్దండి. పై పొర రంగు నీళ్ళలోకి దిగుతున్నంతసేపు రుద్దచ్చు, రంగు మారగానే ఆపెయ్యండి. బండి అసలు రంగు ఏంటో తెలియాలంటే డాష్‌బోర్డు వెనక, నంబరు ప్లేటు కింద, సీటు కింద చూడండి. అక్కడికి ఎవరి బ్రష్షూ చేరదు.

కోరంగి_వడ్రంగి (తాళ్ళరేవు)

అండీ, నాకు కార్ల గురించి తెలీదు, మాది పడవలు కట్టే ఇల్లు. చెక్క అన్నారు కాబట్టి రాస్తున్నాను.

చెద పట్టిన ఫ్రేము మొత్తం మార్చక్కర్లేదు. సన్న ఉలి మొనతో ప్రతి చోటా గుచ్చి చూడండి. మొన దిగని చెక్క బాగున్నట్టే. దిగిన చోట నుంచి ఇంకో జానెడు గట్టి చెక్కలోకి వెళ్ళి అక్కడ కొయ్యాలి, ఏటవాలుగా. అతుకు పొడవు చెక్క మందానికి ఎనిమిది రెట్లు ఉంటే పడవలో సముద్రం అలకి నిలబడుతుంది, కారుకి ఎందుకు నిలబడదు. నిలువు అతుకు మాత్రం ఎవరు వేస్తానన్నా ఒప్పుకోవద్దు, మొదటి గతుకుకే వదిలేస్తుంది.

అసలు చెక్క ఏంటో ఎవరైనా చెప్పండి. దాని గుణం చూసి జతచెయ్యాలి.

పాతబళ్ళు (కాకినాడ)

యాష్ అండి, ఇంగ్లండు చెక్క. తేలిగ్గా ఉండి వంగుతుంది. అక్కడ టి.సి.కి ఫ్రేము కిట్లు దొరుకుతాయి గానీ, మొత్తం కిట్ వేస్తే మనకి మిగిలేది రేకు ఒక్కటే. మీరు చెప్పినట్టు అతికితే పాతది చాలా నిలుస్తుంది.

కోరంగి_వడ్రంగి (తాళ్ళరేవు)

అయితే అతుకుల వరకు యాష్ తెప్పించడమే మంచిదండి. టేకు వెయ్యొచ్చు, మన తేమకి, చెదకి టేకుకి మించింది లేదు. కానీ టేకులో నూనె ఉంటుంది, ఎపాక్సీ పట్టదు. అతికేముందు అసిటోనుతో తుడిచి, ఆరిన వెంటనే జిగురు రాయాలి, అరపూట ఆగితే నూనె మళ్ళీ పైకొస్తుంది. బరువు కూడా ఎక్కువ. తలుపు స్తంభాల కింద, నీళ్ళు నిలిచే చోట మాత్రం నేనైతే టేకే వేస్తాను.

రేకుకి చెక్కకి మధ్య మేకులు పాతవి ఇనపవి అయితే తీసెయ్యండి. ఇనుము తుప్పు పట్టి చుట్టూ చెక్కని నల్లగా చేసి తినేస్తుంది. ఆ తలుపు స్తంభం ఒకసారి ఊడదీసి తెండి, చూస్తాను. డబ్బు సంగతి తర్వాత.

కొబ్బరితోట (అంబాజీపేట)

రెండు కబుర్లు.

మొదటిది, చాసిస్. ముందు భాగంలో పెట్టెలా మూసి ఉన్న చోట కింద చిన్న కన్నం ఉంది. తీగతో కెలికితే ఒండ్రు మట్టి రాలింది. ఒక తట్టకి పైనే వచ్చింది. 86 నాటి గోదావరి మట్టి, ఇన్నేళ్ళూ లోపలే ఉంది. పైకి రేకు బాగానే ఉంది, లోపల ఎలా ఉందో తెలీదు. సుత్తితో మెల్లగా కొడితే ఒక చోట చప్పుడు మొద్దుగా వస్తోంది. చాసిస్ ముందు కొమ్ము మీద నంబరు మాత్రం చక్కగా కనపడింది, ఆర్‌సీతో సరిపోయింది. ఇంజను మీద అష్టకోణపు ప్లేటు కూడా ఉంది, ఆ ఇంజను నంబరు కూడా ఆర్‌సీలో ఉన్నదే.

రెండోది, ఫోటో దొరికింది! చినతాతగారు స్వెటరు, టైతో బండి పక్కన నిలబడి ఉన్నారు, తలుపు మీద తెల్ల గుండ్రం, దాంట్లో 7 నంబరు. వెనక మైదానం, దూరంగా జనం. ఫోటో వెనక మద్రాసు స్టూడియో ముద్ర ఉంది గానీ తేదీ లేదు. తలుపు మీద నీటి కాగితంతో మెల్లగా రుద్దితే గుండ్రం లోపల నల్ల గీత వాలుగా దిగుతోంది. 7కి కాలు అవ్వాలి.

షోలవరం_చూసినవాడు (చెన్నై, సొంతూరు భీమవరం)

నాయనా, కళ్ళు చెమర్చాయి. ఫోటోని ఫ్రేము కట్టించకు, ఎండ తగలనివ్వకు. రెండు వైపులా స్కాన్ చేసి పెట్టు. నంబరు తెలిసింది కాబట్టి ఇక్కడ పాత ప్రోగ్రాం పుస్తకాలు దాచుకున్న మిత్రులని అడుగుతాను, వాళ్ళకి నంబరు చెప్తే వెతకడం తేలిక.

లేత్‌షెడ్డు (తణుకు)

మొద్దు చప్పుడు వచ్చిన చోట చాసిస్ పల్చబడింది. అక్కడ రాజీ పడొద్దు, కోసి కొత్త ప్లేటు వెల్డింగ్ చేయించాలి, బండిని నాలుగు స్టాండుల మీద లెవెల్ చూసుకుని. లేకపోతే వెల్డింగ్ వేడికి చాసిస్ మెలి తిరుగుతుంది. లోపల మట్టి మొత్తం పోయేదాకా నీళ్ళు కొట్టి, బాగా ఆరాక మైనం ఆయిలు పట్టించండి.

బ్రేకులు, స్టీరింగు, హబ్బులు మూడూ పాతవని ముద్దు చెయ్యకండి. 9 అంగుళాల లాక్‌హీడ్ డ్రమ్ బ్రేకులు దీనివి, సిలిండర్లకి స్టెయిన్‌లెస్ స్లీవు వేయిస్తే మన ఉప్పుగాలికి తట్టుకుంటాయి. వైర్ వీల్ ప్రతి పుల్లనీ (స్పోకునీ) పానాతో తట్టండి, ఖంగుమనాలి. ఎడమ హబ్బు, కుడి హబ్బు మరలు వేరు, ఊడదీసినప్పుడే గుర్తు పెట్టండి. అటుది ఇటు వేస్తే నడుస్తుండగా చక్రం ఊడొస్తుంది.

ఇంజను వెనక నుంచి కొంచెం ఆయిలు కారుతుంది. అక్కడ సీలు లేదు, మర ఆకారంలో గాడి ఉంటుంది, తిరిగేటప్పుడు ఆయిల్ని లోపలికి నెడుతుంది. ఆపితే కారుతుంది. దాన్ని చూసి మళ్ళీ ఇంజను దింపకండి.

హైవే_మీద (రావులపాలెం)

7 నంబరు సంగతి చదివాక నా మాట వెనక్కి తీసుకుంటున్నానండి. ఆ తలుపు ముట్టుకోకండి. పెట్రోలు గురించి ఒకటి అడగాలి, ఇప్పుడు బంకుల్లో వచ్చే ఇ20తో (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుతో) ఈ ఇంజను నడుస్తుందా?

పాతబళ్ళు (కాకినాడ)

నడుస్తుంది గానీ ఇథనాల్ తేమ పీల్చుకుంటుంది, పాత రబ్బరుని ఉబ్బిస్తుంది. ఎస్‌.యు. కార్బురేటరు జెట్ చుట్టూ కార్కు వాషర్లు ఉంటాయి, ఎస్‌.యు. పంపులో డయాఫ్రం ఉంటుంది, ఇవన్నీ ఇథనాల్‌కి తట్టుకునే రకంవి వేయించాలి. పైపులు కూడా. వెనక ట్యాంకు లోపల సీలర్ పూయించేముందు అది ఇథనాల్‌కి తట్టుకుంటుందో లేదో అడగండి. బండిని నెలల తరబడి ఆపేటట్టయితే ట్యాంకు, కార్బురేటర్లు ఖాళీ చేసెయ్యండి, మన కోనసీమ తేమలో ఇది మరీ ముఖ్యం. 2000 నుంచి సీసం లేని పెట్రోలే కాబట్టి వాల్వు సీట్లు అరుగుతాయని భయపెడతారు. అప్పుడప్పుడు మెల్లగా నడిపేవాళ్ళకి ఆ టెన్షన్ అక్కర్లేదు, వాల్వుల సందు (క్లియరెన్సు) చూసుకుంటూ ఉంటే చాలు.

రిజిస్ట్రేషన్ సంగతి కూడా చెప్తాను. 2021 కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. కొత్తగా అయితే 20,000 రూపాయల ఫీజు, పదేళ్ళు చెల్లుతుంది, వి.ఎ. అక్షరాలతో నంబరు ఇస్తారు. ఇంతకుముందే రిజిస్టరైన బండికి పాత నంబరు ఉంచుకోవచ్చు. మీ మద్రాసు నంబరు దయచేసి వదులుకోకండి. ఈ రిజిస్ట్రేషన్ మీద రోజువారీ తిరగడం కుదరదు, ప్రదర్శనలకి, ర్యాలీలకి, పెట్రోలుకి, రిపేరుకి తియ్యొచ్చు.

కొబ్బరితోట (అంబాజీపేట)

ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నామండి. ఫోటో చూపించాక మావయ్యలు కూడా మెత్తబడ్డారు. రాజమండ్రి మేస్త్రిగారికి ఉన్నది ఉన్నట్టు చెప్పాం, ఆయన కోప్పడలేదు, 'చాసిస్ వెల్డింగ్ వరకు నేను చేస్తాను, పెయింటు మీ ఇష్టం' అన్నారు. చాసిస్, బ్రేకులు, వైరింగు, చెక్కలో పోయిన భాగం మాత్రమే కొత్తవి. ఆ హెడ్, ఆ డాష్‌బోర్డు, ఎడమ తలుపు ఉన్నవి ఉన్నట్టే. మిగతా రేకుకి తుప్పు ఆపడం వరకే చేస్తాం, లప్పం పెట్టి నునుపు చెయ్యం. సంక్రాంతికి అవ్వదు. అయినప్పుడే అవుతుంది.

వడ్రంగి గారూ, తలుపు స్తంభం వచ్చే వారం తాళ్ళరేవు తెస్తాను. మేకులు తీసేశాను, చెక్క నల్లబడ్డ చోట సుద్దతో గీత గీశాను.

కోరంగి_వడ్రంగి (తాళ్ళరేవు)

తెండి. ఎండలో పెట్టకండి, తడిగోనె చుట్టి కూడా తేవొద్దు. మామూలు దుప్పటి చాలు. ఎదురు స్తంభం బాగుంటే దాన్ని కూడా తెండి, కొలత దాని మీద నుంచి తీస్తాను.

లేత్‌షెడ్డు (తణుకు)

పిస్టన్లు కదిలాయా?

కొబ్బరితోట (అంబాజీపేట)

మూడు కదిలాయండి. రెండోది ఇంకా నానుతోంది.